పరికరం కనిపిస్తుంది, తెరుచుకోదు: లినక్స్ డెస్క్‌టాప్ అనుమతులపై పాఠకుల ప్రశ్నలు

లినక్స్ డెస్క్‌టాప్ వాడుతున్న పాఠకుల నుంచి ఈ మధ్య వచ్చిన ప్రశ్నలలో చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతున్నాయి. పరికరాన్ని కంప్యూటర్ గుర్తిస్తుంది, కాని ప్రోగ్రాం దానిని తెరవబోతే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయించాము. జవాబులు ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్‌లను దృష్టిలో పెట్టుకొని రాసినవి. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాము. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో, ప్రత్యేకంగా చెప్పినచోట తప్ప చిన్న అక్షరాలతోనే టైపు చేయాలి.

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో ఉబుంటు 22.04 ఉన్న డెస్క్‌టాప్‌కు ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్స్ బోర్డు తగిలించి ప్రోగ్రాం ఎక్కించబోతే ‘/డెవ్/టీటీవైయూఎస్‌బీ0’ తెరవడానికి అనుమతి లేదని వస్తోంది. మా సీనియర్ చెప్పినట్టు దానికి ‘సీహెచ్‌మాడ్ 777’ ఇస్తే ఆ పూటకు పనిచేస్తుంది. కేబుల్ తీసి పెడితే మళ్ళీ మొదటికే వస్తుంది. బోర్డుకు ప్రోగ్రాం రాసి ఎక్కించే ఐడీఈని సుడోతో తెరిచినా పనిచేస్తోంది. శాశ్వతంగా సరిచేసే దారి చెప్పండి.
— విద్యార్థిని, కాకినాడ

జవాబు: సుడోతో, అంటే సర్వాధికారాలున్న రూట్ యూజర్ హోదాతో, పనిచేస్తోందన్న మీ చివరి మాట రోగ నిర్ధారణకు చాలా పనికొస్తుంది. కేబుల్ బాగుంది, బోర్డు బాగుంది, లినక్స్ మూల భాగమైన కెర్నెల్‌లో దాని డ్రైవర్ కూడా బాగుంది, అడ్డుపడుతున్నది అనుమతి ఒక్కటే అని దానివల్ల తేలిపోయింది. అయితే సుడో మీకు ఇచ్చేది ఆ సమాచారం వరకే; దానినే రోజువారీ పరిష్కారంగా చేసుకోవద్దు. ఐడీఈని సుడోతో తెరిచి మీ ఫోల్డరులలో సేవ్ చేసే ఫైళ్ళు రూట్ పేరు మీద ఉండిపోయి, తరువాత మామూలుగా తెరిచినప్పుడు వాటి దగ్గర మరో ‘పర్మిషన్ డినైడ్’ పుడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి చూద్దాం. లినక్స్‌లో పరికరాలు చాలావరకు ‘/డెవ్’ అనే డైరెక్టరీలో ఫైళ్ళుగా కనిపిస్తాయి. ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి చదివితే పరికరం నుంచి చదివినట్టు, రాస్తే పరికరానికి పంపినట్టు. కాబట్టి మామూలు ఫైలుకు వర్తించే యజమాని, గ్రూపు, ఇతరులు అన్న మూడు అంచెల అనుమతులే దీనికీ వర్తిస్తాయి. బోర్డు తగిలించి ఉన్నప్పుడు టెర్మినల్‌లో ‘ఎల్‌ఎస్ -ఎల్ /డెవ్/టీటీవైయూఎస్‌బీ0’ అని ఇవ్వండి. మీకు కనిపించే వరస ఇలా ఉంటుంది:

సీఆర్‌డబ్ల్యూ-ఆర్‌డబ్ల్యూ---- 1 రూట్ డయలౌట్ 188, 0

మొదటి అక్షరం ‘సీ’ అంటే ఇది క్యారెక్టర్ పరికరం, అంటే బైట్లు ధారగా వచ్చిపోయే రకం. హార్డ్‌డిస్కుల వంటి బ్లాక్ పరికరాలకు అక్కడ ‘బీ’ ఉంటుంది. తరువాతి మూడు స్థానాలు యజమానివి, ఆపై మూడు గ్రూపువి, చివరి మూడు మిగిలిన అందరివి. ఇక్కడ యజమాని రూట్, చదవగలడు, రాయగలడు. గ్రూపు డయలౌట్, ఆ గ్రూపులోనివారు కూడా చదవగలరు, రాయగలరు. మిగిలినవారికి ఉన్నవి మూడు అడ్డగీతలు మాత్రమే. మామూలు ఫైలుకు సైజు ఉండేచోట కనిపిస్తున్న 188, 0 అన్న జంటలో మొదటిది ఏ డ్రైవర్‌ను పిలవాలో కెర్నెల్‌కు చెప్పే సంఖ్య, 188 యూఎస్‌బీ సీరియల్ పరికరాలది. రెండోది వాటిలో ఎన్నో పోర్టో చెబుతుంది. మీరు రూట్ కారు, డయలౌట్ గ్రూపులో లేరు, కనుక మూడో అంచెలో పడ్డారు. కంప్యూటర్‌లో ఏదీ చెడిపోలేదు; తనకు ఇచ్చిన నియమాన్ని అది పాటిస్తోంది.

మీరు ఇచ్చిన 777 ఎందుకు నిలవదన్న దానికి కారణం, ‘/డెవ్’ మీ డిస్కు మీద ఉండేది కాకపోవడం. అది మెమరీలో ఉండే డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ. 2009లో వచ్చిన 2.6.32 కెర్నెల్‌తో లినక్స్‌లో చేరింది. కేబుల్ తగిలించగానే కెర్నెల్ అక్కడ ఫైలును సృష్టిస్తుంది, యూడెవ్ అనే సేవ తన నియమాల ప్రకారం దానికి గ్రూపును, అనుమతులను కేటాయిస్తుంది; కేబుల్ తీయగానే ఆ ఫైలే ఉండదు. మళ్ళీ తగిలిస్తే వచ్చేది అదే పేరుతో పుట్టిన కొత్త ఫైలు. పాతదానికి మీరు చేసిన మార్పు దానితోనే పోయింది. పైగా యజమానికి, గ్రూపుకు, ఇతరులకు ఒక్కో అంకెగా ఉండే 777లో చదవడం, రాయడంతో పాటు ప్రోగ్రాంగా నడిపే అనుమతి కూడా ఉంది. పరికరం ఫైలుకు దానికి అర్థమే లేదు. చివరి 7 మాత్రం ఆ కంప్యూటర్‌లో నడిచే ప్రతి యూజర్‌కూ, ప్రతి సేవకూ ఆ పరికరంలోకి రాసే హక్కు ఇస్తుంది. ఆర్డునో విషయంలో దానివల్ల పెద్ద నష్టం ఉండకపోవచ్చు. కాని ఇదే అలవాటు రేపు డిస్కు ఫైలు దాకా వెళితే అక్కడ పోయేది మీ డేటా. అందుకే ఈ సలహా మానుకొమ్మని గట్టిగా చెబుతున్నాను.

చేయవలసింది ఆ ఫైలు ఏ గ్రూపుదో ఆ గ్రూపులో మీరు చేరడం. ‘సుడో యూజర్‌మాడ్ -ఎజి డయలౌట్’ అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి మీ యూజర్ పేరు ఇవ్వండి. ఇందులో ‘ఎ’ చిన్న అక్షరం, ‘జి’ పెద్ద అక్షరం. రెండూ ఉండి తీరాలి. మీ స్నేహితులలో ఎవరైనా ఆర్చ్ లినక్స్ వాడుతుంటే అక్కడ ఇదే పోర్టు యూయూసీపీ అనే గ్రూపు కింద ఉంటుంది. అందువల్ల గ్రూపు పేరును నా జవాబు నుంచి తీసుకోవడం కంటే మీ కంప్యూటర్ చూపించిన వరస నుంచి తీసుకోవడం మేలు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కమాండ్ ఇచ్చాము, గ్రూపులో చేరాము, అయినా అదే సందేశం వస్తోందని రాస్తారు. గ్రూపుల జాబితా లాగిన్ అయ్యే క్షణంలో మీ మొదటి ప్రాసెస్‌కు అందుతుంది, దాని నుంచి మీరు తెరిచే ప్రతి ప్రోగ్రాంకూ సంక్రమిస్తుంది. ఇప్పటికే నడుస్తున్న డెస్క్‌టాప్‌కు కొత్త గ్రూపు సంగతి తెలియదు. దీనిని కళ్ళారా చూడవచ్చు. టెర్మినల్‌లో ఉత్త ‘ఐడీ’ అని ఇస్తే ఆ టెర్మినల్‌కు ఇప్పుడు ఉన్న గ్రూపులు చెబుతుంది. ‘ఐడీ’ తరువాత మీ యూజర్ పేరు కూడా ఇస్తే గ్రూపుల ఫైలులో రాసి ఉన్న జాబితా చెబుతుంది. రెండోదానిలో డయలౌట్ ఉండి మొదటిదానిలో లేకపోతే మీరు చేసినది సరైనదే, కొత్తగా లాగిన్ కావడమే మిగిలింది. కొన్ని డెస్క్‌టాప్‌లలో లాగౌట్ అయిన తరువాత కూడా మీ పేరు మీద నడిచే కొన్ని ప్రాసెస్‌లు కాసేపు మిగిలి, తిరిగి లాగిన్ అయినప్పుడు పాత జాబితాతోనే కొనసాగుతాయి; కాబట్టి ఒకసారి రీస్టార్ట్ చేయడం అన్నిటికంటే నమ్మకమైన పని.

మీది 22.04 గనుక ఇంకొక్క సంగతి చెప్పాలి. తక్కువ ధర ఆర్డునో బోర్డులలో సీహెచ్340 అనే చిప్ ఎక్కువగా ఉంటుంది; ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ ఇస్తే అది 1ఎ86:7523 అన్న నంబరుతో కనిపిస్తుంది. ఉబుంటు 22.04లోని బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్యాకేజీ అదే నంబరును బ్రెయిలీ డిస్‌ప్లేగా భావించి పరికరాన్ని తన అధీనంలోకి తీసుకుంటుంది. అప్పుడు వచ్చే సందేశం వేరు: ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’. ‘సుడో డీఎంఈఎస్‌జీ’ చివరి వరసలలో సీహెచ్341 (ఆ చిప్ డ్రైవర్ పేరు) పక్కన ఆ ప్యాకేజీ పేరు, ఆ వెంటనే టీటీవైయూఎస్‌బీ0 తెగిపోయిందన్న వరస కనిపిస్తే కారణం ఇదే. ఆ కంప్యూటర్‌ను బ్రెయిలీ డిస్‌ప్లేతో వాడేవారు ఎవరూ లేకపోతే ‘సుడో ఆప్ట్ రిమూవ్ బీఆర్‌ఎల్‌టీటీవై’ అని ఆ ప్యాకేజీని తీసేయవచ్చు. ఎవరైనా వాడుతుంటే మాత్రం దయచేసి తీయకండి. వారికి కంప్యూటర్ తెర అదే. ఆ ప్యాకేజీ నియమాల ఫైలును ‘/ఈటీసీ/యూడెవ్/రూల్స్.డి’ డైరెక్టరీలోకి అదే పేరుతో కాపీ చేసి, కాపీలో ఆ ఒక్క నంబరున్న వరస ముందు హ్యాష్ గుర్తు పెడితే సరిపోతుంది.

సందేశాన్ని చివరిదాకా చదవాలని నేను ప్రతిసారీ అడిగేది ఇందుకే. ‘పర్మిషన్ డినైడ్’ అంటే ఫైలు ఉంది, మీకు హక్కు లేదు. ‘నో సచ్ ఫైల్’ అంటే ఫైలే లేదు. గ్రూపులు ఎన్ని మార్చినా లాభం లేదు, కేబుల్ వైపు, డ్రైవర్ వైపు చూడాలి. ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అంటే హక్కు ఉంది, కాని వేరే ప్రోగ్రాం దానిని ముందే తెరిచి పట్టుకొని ఉంది. అప్పుడు ‘సుడో ఫ్యూజర్ -వి’ తరువాత పరికరం ఫైలు పేరు ఇస్తే పట్టుకున్నది ఎవరో తెలుస్తుంది. చాలాసార్లు అది మీరు వేరే కిటికీలో తెరిచి మరచిపోయిన సీరియల్ మానిటరే అయి ఉంటుంది, లేదా కొత్తగా తగిలిన పోర్టు మోడెమేమోనని పరీక్షిస్తున్న మోడెమ్‌మేనేజర్ సేవ అయి ఉంటుంది.

ప్రశ్న: సీరియల్ పోర్టు కోసం ఇంటర్నెట్‌లో చూసి ‘సుడో యూజర్‌మాడ్ -జి డయలౌట్’ అని నా పేరుకు ఇచ్చాను. రీస్టార్ట్ చేశాక పోర్టు పనిచేస్తోంది గాని సుడో పనిచేయడం లేదు. నేను సుడోయర్స్ ఫైలులో (సుడో వాడే హక్కున్నవారి జాబితాలో) లేనని అంటోంది. మళ్ళీ ఇన్‌స్టాల్ చేయక తప్పదా?
— చిన్న పరిశ్రమ నిర్వాహకుడు, నంద్యాల

జవాబు: అవసరం లేదు, మీ ఫైళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి. పెద్ద ‘జి’ ఒక్కటే ఇస్తే దాని అర్థం ‘ఇకపై ఈ యూజర్‌కు అదనపు గ్రూపులు ఇవి మాత్రమే’ అని. ముందు చిన్న ‘ఎ’ చేరితేనే ‘ఉన్నవాటికి ఇది కలుపు’ అని అవుతుంది. మీ కమాండ్ డయలౌట్‌ను చేర్చి, సుడోతో సహా మిగతా గ్రూపులన్నిటి నుంచీ మిమ్మల్ని తొలగించింది.

కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు ఎస్కేప్ కీ నొక్కితే, పాత బయోస్ యంత్రమైతే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుంటే, కంప్యూటర్‌ను ఎలా మొదలుపెట్టాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి రికవరీ మోడ్‌ను, ఆ తరువాత వచ్చే జాబితాలో రూట్ అన్న వరసను ఎంచుకోండి. డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకొని ఉంటే ‘మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /’ అని ఇవ్వండి. ‘ఓ’ చిన్న అక్షరమే.

ఇప్పుడు తొందరపడి ఏ గ్రూపు కమాండూ ఇవ్వకుండా ముందు ‘/ఈటీసీ/గ్రూప్-’ అనే ఫైలును చూడండి. పేరు చివర అడ్డగీత ఉన్న ఈ ఫైలు, గ్రూపుల జాబితాలో ఆఖరి మార్పు జరగక ముందున్న ప్రతి. ‘గ్రెప్’ తరువాత మీ యూజర్ పేరు, ఈ ఫైలు పేరు ఇస్తే మీరు ఇదివరకు ఏయే గ్రూపులలో ఉన్నారో అన్నీ వరసగా వస్తాయి. ఒక కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే మీరు మరో మార్పు చేయగానే ఈ ప్రతి మీద కొత్త ప్రతి పడుతుంది. ఉబుంటులో మొదటి యూజర్‌కు సాధారణంగా ఏడీఎం, సీడీరామ్, సుడో, డిప్, ప్లగ్‌డెవ్, ఎల్‌పీఅడ్మిన్ గ్రూపులు ఉంటాయి. వాటిని కామాలతో, మధ్యలో ఖాళీలు లేకుండా కలిపి ఈసారి ‘యూజర్‌మాడ్ -ఎజి’తో ఇచ్చి రీస్టార్ట్ చేయండి.

ముందుముందు గ్రూపులో చేర్చవలసి వస్తే ‘సుడో యాడ్‌యూజర్’ తరువాత యూజర్ పేరు, గ్రూపు పేరు ఇచ్చే పద్ధతి డెబియన్, ఉబుంటులలో ఉంది. అది కలపడమే తప్ప తీసేయడం చేయదు.

ప్రశ్న: మా డీటీపీ కేంద్రంలో స్కానర్ ఉన్న కంప్యూటర్ ముందు గదిలో ఉంటుంది. దాని ముందు కూర్చొని ఎవరు లాగిన్ అయినా స్కానర్ పనిచేస్తుంది. నేను వెనక గదిలోని కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ ద్వారా, అదే యంత్రంలోకి, అదే యూజర్ పేరుతో వెళ్ళి ‘స్కాన్‌ఇమేజ్’ ఇస్తే స్కానర్ దొరకలేదంటుంది. సుడోతో ఇస్తే దొరుకుతుంది. ఒకే యూజర్‌కు రెండు రకాల అనుమతులు ఎలా ఉంటాయి?
— డీటీపీ కేంద్రం యజమాని, కరీంనగర్

జవాబు: మీ పరిశీలన చాలా కచ్చితంగా ఉంది. ఒకే యూజర్‌కు కూర్చున్న చోటును బట్టి అనుమతి మారడం నేటి లినక్స్ డెస్క్‌టాప్‌లో ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు.

ముందు గది కంప్యూటర్‌లో ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ ఇవ్వండి. స్కానర్ ఉన్న వరసలో బస్ 001, డివైస్ 005 అని ఉందనుకుంటే దాని పరికరం ఫైలు ‘/డెవ్/బస్/యూఎస్‌బీ/001/005’ అవుతుంది. తీసి పెట్టినప్పుడల్లా రెండో సంఖ్య మారుతుంది, కాబట్టి ప్రతిసారీ చూసుకోవాలి. దానికి ‘ఎల్‌ఎస్ -ఎల్’ ఇస్తే అనుమతుల చివర ఒక కూడిక గుర్తు కనిపిస్తుంది. మూడు అంచెల అనుమతులకు తోడు ఈ ఫైలుకు ఏసీఎల్ అనే అదనపు జాబితా కూడా ఉందని దాని అర్థం. ‘గెట్‌ఎఫ్‌ఏసీఎల్’ తరువాత ఫైలు పేరు ఇస్తే ఆ జాబితా తెరుచుకుంటుంది. అందులో ఆ సమయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న యూజర్ పేరు పక్కన ‘ఆర్‌డబ్ల్యూ’ ఉంటుంది.

ఆ వరసను అక్కడ రాసేది, లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీలో లాగిన్‌లను చూసుకునే లాగిన్‌డీ సేవ. కంప్యూటర్ తెర, కీబోర్డు ఎదుట చురుకుగా ఉన్న సెషన్ ఎవరిదో వారికే కెమెరా, సౌండ్, స్కానర్ వంటి వాటి మీద ఆ సేవ హక్కు ఇస్తుంది. లాగౌట్ కాకుండా ఇంకొక యూజర్‌కు మారితే హక్కు కూడా మొదటివారి నుంచి తీసి రెండోవారికి ఇస్తుంది. గ్రూపు సభ్యత్వమైతే ఎక్కడి నుంచి వచ్చినా వెంట ఉంటుంది. దానితో, మీరు కంప్యూటర్ ముందు కూర్చొని మాట్లాడుతుండగా ఎక్కడి నుంచో ఎస్‌ఎస్‌హెచ్‌తో వచ్చిన మరొకరు మీ మైకును వినగలిగే ప్రమాదం ఉంది. దానిని ఆపడానికే ఈ ఏర్పాటు వచ్చింది. కేవలం ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వచ్చిన సెషన్‌కు కంప్యూటర్ ఎదుట కూర్చున్న హోదా లేదు. ఎదుట అదే పేరుతో ఎవరైనా లాగిన్ అయి ఉన్నంతసేపు మీకూ దొరుకుతుంది, ఎందుకంటే జాబితాలో ఉన్నది యూజర్ పేరే. వారు లాగౌట్ కాగానే మీకూ పోతుంది. మీరు ఒకసారి ఈ రెండు స్థితులనూ పరీక్షించి చూడండి.

మీ అవసరానికి రెండు దారులు ఉన్నాయి. గెట్‌ఎఫ్‌ఏసీఎల్ జాబితాలో గాని, ఎల్‌ఎస్ వరసలో గాని ‘స్కానర్’ అనే గ్రూపుకు రాసే హక్కు కనిపిస్తే మీ యూజర్‌ను ఆ గ్రూపులో చేర్చడం మొదటిది. ప్రింటరూ స్కానరూ కలిసిన యంత్రమైతే అక్కడ ఎల్‌పీ గ్రూపు కూడా ఉండవచ్చు. రెండోది, నేను మీకు సూచించేది, సేన్‌డీ సేవను నడపడం. అది స్కానర్‌ను తానే తెరిచి, 6566 పోర్టు మీద మీ లోపలి నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకు అందిస్తుంది. అప్పుడు వెనక గదిలో మీరు ఎస్‌ఎస్‌హెచ్ వాడనవసరం లేదు, ఎవరికీ పరికరం ఫైలు మీద కొత్త హక్కు ఇవ్వనవసరం లేదు, స్కాన్ చేసిన బొమ్మ నేరుగా మీ తెర మీదే తెరుచుకుంటుంది. ఏ ఐపీ అడ్రసులను అనుమతించాలో సేన్‌డీ సెట్టింగుల ఫైలులో మీ కేంద్రం పరిధికే పరిమితం చేయండి.

ప్రశ్న: మా పాలిటెక్నిక్ ల్యాబ్‌లో చిప్‌లలోకి ప్రోగ్రాం ఎక్కించే యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ పరికరాలు వాడుతాము. విద్యార్థులకు సుడో ఇవ్వకుండా ఉండాలని ‘99-యూఎస్‌బీఏఎస్‌పీ.రూల్స్’ అనే యూడెవ్ ఫైలు రాసి, అందులో కంప్యూటర్ ముందు కూర్చున్నవారికి హక్కు ఇచ్చే యూయాక్సెస్ ట్యాగ్ పెట్టాను. ఏ తప్పూ చూపించడం లేదు, కాని అనుమతీ రావడం లేదు. ట్యాగ్ తీసి, అందరికీ చదివే, రాసే హక్కు ఇచ్చే మోడ్ 0666 పెడితే వస్తోంది. అదే ఉంచేయమంటారా?
— ల్యాబ్ ఇన్‌స్ట్రక్టర్, వరంగల్

జవాబు: మీ నియమంలో తప్పు ఉండకపోవచ్చు, ఫైలు పేరులోని 99 దగ్గర ఉంది చిక్కు. యూడెవ్ నియమాల ఫైళ్ళు పేర్ల వరుసలో అమలవుతాయి. యూయాక్సెస్ ట్యాగ్ ఉన్న పరికరాన్ని పట్టుకొని, ఇందాక చెప్పిన ఏసీఎల్ వరసను రాయించేది ‘73-సీట్-లేట్.రూల్స్’ అనే ఫైలు. మీ ఫైలు వంతు వచ్చేసరికి అది ఎప్పుడో ముగిసిపోయింది. ట్యాగ్ పడింది గాని చూసేవారు లేరు. మోడ్‌కు ఈ ఇబ్బంది లేదు, ఎప్పుడు చెప్పినా అమలవుతుంది. అందుకే 0666 పనిచేసింది. ఫైలు పేరును 60తో మొదలయ్యేలా మార్చండి.

నియమం రాసేటప్పుడు పొరపాటు పడే చోట్లు మరికొన్ని ఉన్నాయి. షరతులకు, అంటే సబ్‌సిస్టమ్ యూఎస్‌బీ కావాలి, ఐడీవెండర్ (తయారీదారు నంబరు) 16సీ0 కావాలి, ఐడీప్రొడక్ట్ (పరికరం నంబరు) 05డీసీ కావాలి అన్నవాటికి రెండు సమాన చిహ్నాలు పెట్టాలి. ట్యాగ్ చేర్చడానికి కూడిక గుర్తు, ఒక సమాన చిహ్నం. ఈ నంబర్లలోని సీ, డీ చిన్న అక్షరాలే కావాలి. పెద్ద అక్షరాలు రాస్తే నియమం నిశ్శబ్దంగా తప్పిపోతుంది. తరువాత ‘సుడో యూడెవ్‌ఏడీఎం కంట్రోల్ --రీలోడ్’ ఇచ్చి, ప్రోగ్రామర్‌ను ఒకసారి తీసి పెట్టండి. అప్పటికీ రాకపోతే ‘యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో -ఎ -ఎన్’ తరువాత పరికరం ఫైలు పేరు ఇచ్చి, మీరు రాసిన విలువలు అక్కడ అచ్చంగా అలాగే ఉన్నాయో లేదో పోల్చండి.

0666ను ఉంచవద్దు. యూయాక్సెస్‌తో యంత్రం ముందు కూర్చున్న విద్యార్థికి మాత్రమే హక్కు దొరుకుతుంది, బ్యాచ్ మారినప్పుడు దానంతట అదే మారుతుంది, మీరు ఎవరినీ గ్రూపులలో చేర్చి తీయనవసరం లేదు. ల్యాబ్‌కు ఇంతకంటే అనువైనది లేదు. ఒక యంత్రంలో సరిచూసుకున్నాక అదే ఫైలును మిగతావాటిలోకి కాపీ చేస్తే చాలు.

ప్రశ్న: మా తమ్ముడు తన లినక్స్ కంప్యూటర్‌లో పాఠాల వీడియోలు నింపి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు పంపాడు. నా కంప్యూటర్‌లో తెరుచుకుంటుంది, కొత్తగా ఏమీ కాపీ కావడం లేదు. నన్ను ‘డిస్క్’ గ్రూపులో చేర్చుకుంటే సరిపోతుందని ఒకరన్నారు. నిజమేనా?
— ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. డిస్క్ గ్రూపులో ఉన్నవారు కంప్యూటర్‌లోని డిస్కులన్నిటినీ ముడి బైట్ల రూపంలో చదవగలరు, రాయగలరు. అంటే ఫైళ్ళకు ఉన్న అనుమతులేవీ వారిని ఆపలేవు. ఆచరణలో అది రూట్ హోదాతో సమానం. ఒక తప్పు కమాండ్‌తో మొత్తం డిస్కు తుడిచిపెట్టుకుపోగలదు.

పైగా మీ చిక్కు పరికరం ఫైలు దగ్గర లేదు. డెస్క్‌టాప్‌లో డిస్కును మీ తరఫున తెరిచేది యూడిస్క్స్ అనే సేవ. ఆ పని అది చేసేసింది. మిగిలింది డిస్కు లోపలి ఫైళ్ళ యాజమాన్యం. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు మీద యజమాని పేరు ఉండదు, అంకె ఉంటుంది. ఉబుంటులో మొదటి యూజర్ అంకె 1000, రెండో యూజర్‌ది 1001. ‘ఎల్‌ఎస్ -ఎల్‌ఎన్’తో మీ డిస్కులోని అంకెను చూసి, ‘ఐడీ’తో మీ అంకెను చూడండి. రెండూ వేరైతే కారణం అదే. డిస్కు ఇక మీదే అనుకుంటే ‘సుడో చౌన్ -ఆర్’ తరువాత మీ యూజర్ పేరు, ఆపై ‘/మీడియా’ కింద ఆ డిస్కు తెరుచుకున్న ఫోల్డరు పూర్తి పేరు ఇవ్వండి. ఇందులో ‘ఆర్’ పెద్ద అక్షరం. ఫోల్డరు పేరును ఎంటర్ కొట్టే ముందు మరొకసారి చదవండి, ఎందుకంటే అక్కడ పొరపాటున ఒక్క స్లాష్ గుర్తు (/) మాత్రమే మిగిలితే కంప్యూటర్ అంతా ఆ మార్పుకు గురవుతుంది. డిస్కు మీ ఇద్దరి మధ్య తిరుగుతూ ఉండేదైతే, వీడియోలు వేరేచోట కాపీ చేసుకొని, దానిని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయడం సులువు. ఎక్స్‌ఫ్యాట్‌లో యజమాని అంకెలే ఉండవు, ఎవరు తగిలిస్తే వారికి పూర్తి హక్కు; 5.4 కెర్నెల్ నుంచి లినక్స్‌లోనే దాని డ్రైవర్ ఉంది.

ప్రశ్న: అమెరికాలోని మా అమ్మాయితో వీడియోలో మాట్లాడే యాప్‌ను సాఫ్ట్‌వేర్ సెంటర్ నుంచి పెట్టుకున్నాను. అందులో కెమెరా రాదు. ఛీజ్ ప్రోగ్రాంలో మాత్రం వస్తుంది. ‘/డెవ్/వీడియో0’ అనుమతులు సరిగానే ఉన్నాయి.
— విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: మీరు పెట్టుకున్నది స్నాప్ రకం యాప్ అయి ఉంటుంది. స్నాప్‌లు ఒక కంచె లోపల నడుస్తాయి. పరికరం ఫైలు మీద మీకు హక్కు ఉన్నా, ఆ కంచె దాటడానికి యాప్‌కు వేరే అనుమతి కావాలి. ‘స్నాప్ కనెక్షన్స్’ తరువాత యాప్ పేరు ఇవ్వండి. జాబితాలో కెమెరా వరసకు ఎదురుగా మూడో గడిలో అడ్డగీత ఉంటే అది ఇంకా కలపలేదని అర్థం. ‘సుడో స్నాప్ కనెక్ట్’ తరువాత యాప్ పేరు, కోలన్ గుర్తు, కెమెరా అన్న మాట ఖాళీ లేకుండా ఇచ్చి, యాప్‌ను మూసి తెరవండి. మీ మాట అవతలివారికి వినిపించకపోతే అదే పద్ధతిలో ‘ఆడియో-రికార్డ్’ వరసను కూడా కలపండి. టెర్మినల్ జోలికి వెళ్ళకూడదనుకుంటే సెట్టింగ్స్‌లో యాప్స్ అన్న విభాగంలో ఆ యాప్‌ను ఎంచుకుంటే ఇవే మీటలు అక్కడా కనిపిస్తాయి.